"సరే సార్" అన్నాక కూడా పని ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న – కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్, వరంగల్

అందరికీ నమస్కారం. ఎనుమాముల మార్కెట్‌కు దగ్గరలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను ఏడాదిన్నరగా సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మాది నర్సంపేట వైపు ఊరు, చదివింది బీకాం. రైతులు, వ్యాపారులు తెచ్చిన బస్తాలను లెక్క చూసి లోపలికి ఎక్కించడం, బాండు (సరుకు దాచినందుకు ఇచ్చే రసీదు) రాసివ్వడం, శాంపిల్ కోసమో అమ్మకం కోసమో వాళ్ళు అడిగినప్పుడు సరుకును బయటికి తీయించడం నా పని. నా కింద ఒక మేస్త్రీ, ఆయన చేతి కింద పద్నాలుగు మంది హమాలీలు ఉన్నారు. మేస్త్రీ మా నాన్న వయసు మనిషి. ఆ గోదాములో నాకంటే ఇరవై ఏళ్ళు ముందు నుంచి ఉన్నారు.

పోయిన నెల జరిగిన సంగతి ఇది. ఒక వ్యాపారి సాయంత్రం ఫోన్ చేసి, తన తేజ మిర్చిలో అరవై బస్తాలు తెల్లవారి మార్కెట్‌కు వెళ్ళాలని చెప్పారు. ఆ సరుకు మా రెండో ఛాంబర్‌లో ఉంది. నేను అప్పుడు ఇంటికి వెళ్తూ దారిలో ఉన్నాను. బండి పక్కకు ఆపి మేస్త్రీకి ఫోన్ చేసి, "రెండులో ఉన్న తేజ అరవై పొద్దున్నే తీయించి పెట్టండి" అన్నాను. ఆయన "సరే సార్" అన్నారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాను.

ఆ వారమంతా ఆయన మనుషులు మొదటి ఛాంబర్ రెండో అంతస్తులో పని చేస్తున్నారన్న విషయం నాకు తట్టలేదు. ఆయన మనసులో ఆ రోజుల్లో 'రెండు' అంటే ఆ రెండో అంతస్తే. మర్నాడు నేను వెళ్ళేసరికి వేరొక రైతుకు చెందిన అరవై తేజ బస్తాలు ప్లాట్‌ఫాం మీద వరుసగా పేర్చి ఉన్నాయి. వానాకాలం గాలి తగలగానే చల్లటి బస్తాలకు చెమట పట్టింది. గోనె మీద చేయి వేస్తే అరచేయి తడిసింది. ఆ తడితోనే తిరిగి లోపల పెడితే కాయ బూజు పడుతుంది కనుక రోజంతా షెడ్డులో ఆరబోయించాల్సి వచ్చింది. రైతుకు కబురు పెట్టి నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. వ్యాపారి సరుకు ఆ రోజు మార్కెట్‌కు అందనే లేదు. ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి: నేనే సర్దేద్దామనుకుని రెండు గంటల పాటు యజమానికి చెప్పలేదు. ఆయనకు బయటి నుంచి తెలిసింది.

"నీకు కమ్యూనికేషన్ రాదు, ముందు అది నేర్చుకో" అన్నారు ఆయన. హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్ వారు మూడు నెలల కమ్యూనికేషన్ కోర్సు నడుపుతున్నారు. వెళ్ళి అడిగితే అందులో ఎక్కువ భాగం ఇంగ్లిష్ మాట్లాడటం, మిగిలినది చేతులు ఎలా ఊపాలి, కళ్ళలోకి ఎలా చూడాలి అన్నవేనని తెలిసింది. నేను చేరాలా? నా తప్పు అసలు ఎక్కడ ఉంది? మేస్త్రీ ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయరు. యజమాని ఏది అడిగినా "చూసుకో" అంటారు. ఈ ఇద్దరి మధ్య పని చేసేవాడు మాటను ఎలా నడిపించుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1 – రిటైరైన స్టేషన్ మాస్టర్, కాజీపేట

బాబూ, మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే పెద్దగా కనబడిన వాక్యం, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయానన్నది. నేను రైల్వేలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం కాజీపేట చుట్టుపక్కల స్టేషన్లలో గడిపాను. మా ఉద్యోగంలో "సరే" అనే మాటకు విలువ లేదు.

ఉదాహరణకు లెవెల్ క్రాసింగ్ గేటు సంగతి తీసుకోండి. బండి వస్తోందని గేట్‌మన్‌కు ఫోన్‌లో చెబుతాం. అతడు "గేటు వేస్తాను సార్" అన్నంత మాత్రాన సిగ్నల్ ఇవ్వము. అతడి దగ్గర రెండంకెల సంఖ్యలు వరుస లేకుండా అచ్చు వేసిన కాగితం ఒకటి ఉంటుంది. గేటు వేసి, తాళం పెట్టిన తర్వాతే ఆ కాగితంలో తర్వాతి సంఖ్యను నాకు చెప్పి, అక్కడ దాన్ని కొట్టేస్తాడు. నేను దాన్ని తిరిగి పలికి, బండి నంబరు, టైముతో సహా నా రిజిస్టర్‌లో రాసుకుంటాను. దానినే ప్రైవేట్ నంబర్ అంటాం. ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు బండిని వదిలేటప్పుడు కూడా ఇద్దరు మాస్టర్ల మధ్య ఇలాంటి సంఖ్యే నడుస్తుంది. ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఒకే సిగ్నల్‌ను చూస్తూ కూడా దాని రంగును ఒకరికొకరు పైకి పలుకుతారు. కళ్ళ ముందు కనబడుతున్న దానిని పైకి పలకడం ఎందుకని కొత్తగా చేరిన కుర్రవాళ్ళు నవ్వుకునేవారు. ఒక రాత్రి పొగమంచులో డ్యూటీ చేసి వచ్చాక ఎవరూ నవ్వేవారు కాదు.

విమానాల వాళ్ళు ఇదే పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకున్నారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, దట్టమైన మంచులో, ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అందులో ఒక విమానం పైలట్లు తాము బయలుదేరుతున్నట్లు చెప్పిన మాటను కంట్రోల్ టవర్ ఇంకొక విధంగా అర్థం చేసుకుని "ఓకే" అంది. దాని వెంటనే "ఆగండి, నేను పిలుస్తాను" అన్న మాట కూడా వచ్చింది గాని, అదే క్షణంలో రెండో విమానం వాళ్ళు కూడా రేడియోలో మాట్లాడటంతో అది సరిగా వినబడలేదు. చెవిన పడింది "ఓకే" ఒక్కటే. ఆ తర్వాత విమానయానంలో ఒక్కొక్క అనుమతికీ కచ్చితమైన పదాలు నిర్ణయించి, విన్నవాడు ఆ అనుమతిని తిరిగి చదివి వినిపించాలన్న కట్టుబాటును గట్టిపరిచారు. మీ "రెండు"కూ ఆ "ఓకే"కూ నష్టంలో పోలిక లేకపోవచ్చు. జరిగిన తీరు మాత్రం ఒక్కటే. చెప్పినవాడి తలలో ఒక బొమ్మ ఉంది, విన్నవాడి తలలో ఇంకొక బొమ్మ ఉంది, రెండూ ఒకటేనా అని ఎవరూ చూసుకోలేదు.

కనుక రేపటి నుంచి మీరు చెప్పిన పనిని మేస్త్రీ నోటితో తిరిగి చెప్పించుకోండి. "రెండో ఛాంబర్, ఫలానా వ్యాపారి తేజ, అరవై బస్తాలు, పొద్దున ఆరింటికి ప్లాట్‌ఫాం మీద" అని ఆయన అనేదాకా ఫోన్ పెట్టేయవద్దు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తిరిగి చెప్పడం అలవాటైపోయి, చిలక పలుకులా మారితే దానికీ "సరే"కూ తేడా ఉండదు. గేటు వేయకుండానే నంబరు చెప్పిన గేట్‌మన్ల కథలు మాకు ట్రైనింగ్‌లో చెప్పేవారు. అందుకే గేటు పడితే తప్ప సిగ్నల్ రాని ఏర్పాటును చాలా చోట్ల పెట్టారు. మీ గోదాములో అంత యంత్రం ఉండదు కాబట్టి, వారానికి ఒకసారైనా మీరు స్వయంగా వెళ్ళి చూడటమే దానికి బదులు.

జవాబు 2 – జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంట్‌గా పనిచేసి రిటైరైన వ్యక్తి, హనుమకొండ

స్టేషన్ మాస్టర్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. రైల్వేలో అందరికీ ఒకే రూల్ బుక్ ఉంది. తిరిగి చెప్పమని అడిగినందుకు గేట్‌మన్ నొచ్చుకోడు, ఎందుకంటే అడుగుతున్నది ఆ పుస్తకం. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా గోదాము నడుపుతున్న పెద్దమనిషిని, నిన్న కాక మొన్న వచ్చిన కుర్రవాడు "నేనేం చెప్పానో చెప్పు" అని అడిగితే, అది ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్లే ఉంటుంది. పద్నాలుగు మంది ముందు అలా అడిగితే ఆయన ఆ రోజు చెబుతారు, మర్నాటి నుంచి మీతో మాట్లాడటమే తగ్గిస్తారు. మన దగ్గర కింది మనిషి "సరే సార్" అనడానికి కారణం అర్థం కావడం ఒక్కటే అనుకోకూడదు. రెండోసారి అడిగితే పైవాడు విసుక్కుంటాడన్న భయం ఉంటుంది, తెలియదంటే పరువు పోతుందన్న బెరుకు ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సెక్షన్ హెడ్ చెప్పింది సగం అర్థం కాకుండానే తలూపి, పక్క సీటు ఆయన్ను రహస్యంగా అడిగి పని చేసుకునేవాణ్ణి. ఆ పక్క సీటు ఆయన సెలవు పెట్టిన రోజు నా బండారం బయటపడింది.

నా సలహా కాగితం. మా జిల్లా కార్యాలయాలు టాటెన్‌హామ్ పద్ధతి అనే పాత ఏర్పాటు మీద నడిచాయి. వచ్చిన ప్రతి తపాలుకూ డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్‌లో ఒక నంబరు పడుతుంది. అది ఏ సీటుకు వెళ్ళిందో ఆ గుమాస్తా తన పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించుకుంటాడు. దాని మీద ఏ తేదీన ఏం చేశాడో ఎదురుగా రాస్తాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గాని, "నాకు చెప్పలేదు" అన్న మాటకు అందులో చోటు లేదు. నోట్ ఫైలులో ఇంకొక సౌకర్యం ఉంది. చిన్న గుమాస్తా కూడా తన అభిప్రాయాన్ని ముందుగా రాస్తాడు, దాని కింద సూపరింటెండెంట్ రాస్తాడు, ఆ కింద అధికారి రాస్తాడు. ఎదురుగా నిలబడి "ఇది సరికాదండీ" అనలేని మనిషి కాగితం మీద ఆ మాట అనగలడు.

మీరు కూడా సాయంత్రం ఒక చీటీ రాయండి, లేదా వాట్సాప్‌లో రెండు వరుసలు పంపండి. వాయిస్ మెసేజ్ పంపకండి. రెండు నిమిషాల వాయిస్‌లో పని సంగతి ఎక్కడో మధ్యలో ఉంటుంది. రెండోసారి వెతుక్కుని వినే ఓపిక ఎవరికీ ఉండదు. నీలం టిక్కులు పడ్డాయంటే చూశారనే అర్థం, ఒప్పుకున్నారని కాదు. మరొక మాట: కోపంలో ఉన్నప్పుడు ఏదీ రాయకండి. నోటితో అన్నది నాలుగు రోజుల్లో చల్లారుతుంది, మెమో మాత్రం సర్వీసు పుస్తకం ఉన్నంత కాలం ఉంటుంది.

జవాబు 3 – స్టాఫ్ నర్స్, హనుమకొండ

సూపరింటెండెంట్ గారు చెప్పిన నొచ్చుకోవడం నిజమే, అయితే దానికి దారి ఉంది. పేషెంటును ఇంటికి పంపేటప్పుడు మాత్రలు ఎలా వేసుకోవాలో మేము చెబుతాం. "అర్థమైందా?" అని అడిగితే నూటికి నూరు మంది "అయింది సిస్టర్" అంటారు. అందుకే ఆ ప్రశ్న అడగడం నేను మానేశాను. "పెద్దమ్మా, నేను గబగబా చెప్పేశాను, ఏమైనా వదిలేశానేమో, ఇంటికి పోయి మీ కోడలికి ఎట్ల చెప్తరో ఒకసారి నాకు చెప్పండి" అంటాను. అప్పుడు పరీక్ష నా చెప్పడానికి అవుతుంది గాని, ఆమె తెలివికి కాదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాల్సిన మాత్రను, పొద్దున రెండూ ఒకేసారి వేసుకుంటానని చెప్పినవాళ్ళు నాకు ఎందరో తగిలారు. మీ మేస్త్రీ గారితో కూడా "తొందరలో తప్పు నంబరు చెప్పానేమో, మీరొకసారి అనండి, నేను సరిచూసుకుంటాను" అంటే ఎవరి పరువూ పోదు.

ఇక మీరు యజమానికి రెండు గంటలు చెప్పకపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకైతే మొదటి తప్పు కంటే అదే పెద్దదిగా కనబడుతోంది. బస్తా తప్పు తీయడం పొరపాటు; దాచడంతో ఆయనకు మీ మీద నమ్మకం సడలింది. పైవాళ్ళకు చెడు కబురు చెప్పడానికి మాకు ఒక వరుస నేర్పుతారు. మొదట అది అమెరికా నౌకాదళంలోని అణు జలాంతర్గాముల్లో వాడుకలో ఉండి, తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పేషెంటును ఒక షిఫ్టు నుంచి ఇంకొక షిఫ్టుకు అప్పగించే సందర్భంలో దానిని వాడమని సూచించింది. ఇప్పుడు ఏమైంది, దాని వెనుక సంగతి ఏమిటి, నాకు ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి: ఈ నాలుగింటినీ ఆ క్రమంలోనే చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి డాక్టరు గారికి ఫోన్ చేసి, "సార్, పదమూడో బెడ్ పేషెంట్ జర బాగలేదు" అన్నాను. ఆయన నిద్రమత్తులో "సెలైన్ పెట్టి చూడు" అని ఫోన్ పెట్టేశారు. నా పక్కనున్న సీనియర్ సిస్టర్ ఫోన్ తీసుకుని మళ్ళీ చేశారు. "సార్, పదమూడో బెడ్‌కు బీపీ 90/60కి పడిపోయింది, నాడి 124 ఉంది. పొద్దున మీరు ఆపరేషన్ చేసిన మనిషి, సాయంత్రం దాకా 120/80 ఉన్నది. లోపల రక్తం పోతోందేమోనని నాకు అనుమానంగా ఉంది. మీరు వచ్చి చూడాలి." ఆయన ఇరవై నిమిషాల్లో వచ్చారు. మనిషి దక్కాడు. నేను చెప్పినదీ ఆమె చెప్పినదీ ఒకే పేషెంటు గురించే. నాకు నోరు రాని చోటు ఆ చివరి వాక్యం. డాక్టరును 'రావాలి' అనడానికి నేనెవరినని అనుకున్నాను.

మీ విషయానికి వస్తే, తప్పు కనబడిన మరుక్షణం యజమానికి ఇలా చెప్పి ఉండవచ్చు: "వేరే రైతు తేజ అరవై బస్తాలు పొరపాటున బయటికి వచ్చాయి, చెమట పట్టింది. రాత్రి నేను చెప్పడంలో ఛాంబర్, అంతస్తు కలగలిసిపోయాయి. ఇప్పుడే లోపల పెడితే కాయ పాడవుతుంది, ఆరబెట్టాలి. మీరు వ్యాపారితో ఒక మాట మాట్లాడితే నేను రైతుతో మాట్లాడతాను." ఆయన తిట్టేవారే. తిట్టి, వ్యాపారికి ఫోన్ చేసేవారు.

జవాబు 4 – డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, వరంగల్

కోర్సు గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయమే రాస్తాను. ఇలాంటి తరగతుల్లో మొదటి రోజు తప్పకుండా ఒక లెక్క చూపిస్తారు: మనం చెప్పే దాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతు వాటా 38 శాతం, ముఖకవళికలు, ఒంటి కదలికల వాటా 55 శాతం అని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఆ అంకెలు వచ్చాయి. అక్కడ ఆయన పరిశీలించింది చాలా చిన్న విషయం. ఒక విడి పదాన్ని ఇష్టంగానో అయిష్టంగానో పలికినప్పుడు, పదానికీ గొంతుకూ ముఖానికీ పొంతన కుదరకపోతే వినేవాళ్ళు పలికినవాడి మనసును దేనిని బట్టి అంచనా వేస్తారన్నదే ఆ ప్రయోగం. ఇష్టాయిష్టాల గురించి తప్ప వేరే సంభాషణలకు ఆ అంకెలు వర్తించవని ఆయనే తర్వాత స్పష్టం చేశారు. అది నిజంగా అన్నిటికీ వర్తించేదే అయితే, మీరు చేతులు బాగా ఊపి ఉంటే మేస్త్రీకి రెండో ఛాంబర్ అర్థమై ఉండాలి. పైగా మీరు మాట్లాడింది ఫోన్‌లో.

ఇంగ్లిష్ నేర్చుకోవడం మంచిదే. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులకు మెయిల్ రాయడానికి, రేపు ఇంకొక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కరకు వస్తుంది. అయితే మీ పొరపాటు తెలుగులో జరిగింది. దానిని ఇంగ్లిష్ సరిచేయలేదు.

తెలుగు గురించి కూడా ఒక మాట. మా విద్యార్థులు చాలా మంది ఇంటర్వ్యూలో, ఆఫీసులో తమ ఇంటి యాసను దాచుకుని, టీవీలో విన్న తెలుగును తెచ్చిపెట్టుకుంటారు. తాను మాట్లాడే తీరుకు సిగ్గుపడే మనిషి ప్రశ్న అడగడానికి కూడా ముందుకు రాడు. కాళోజీ నారాయణరావు గారు బతికిన ఊరిలో, ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే చోట ఈ బెరుకు ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అలాగని యాస ఉంటే చాలు అర్థమైపోతుందనీ కాదు. మా కాలేజీకి వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఒక సహోద్యోగికి, "మాపు రండి, పేపర్లు లెక్కపెట్టాలి" అని మా అటెండర్ చెప్పాడు. ఇక్కడ మాపు అంటే సాయంత్రమని ఆయనకు తెలియదు. తలూపి వెళ్ళి, మర్నాడు పొద్దున వచ్చారు. అటెండర్ రాత్రి ఎనిమిది దాకా ఎదురుచూశాడు. ఐదు గంటలు అని ఉంటే సరిపోయేది.

జవాబు 5 – అడ్తి దుకాణంలో గుమాస్తా, ఎనుమాముల

ఇంత మంది పెద్దలు ఇన్ని విషయాలు రాశారు గాని, బస్తా మీద మార్కా ఉంటుంది కదా అని ఎవరూ అడగలేదు. యార్డులో మేము "ఫలానా దగ్గరున్న మిర్చి" అని ఎన్నడూ అనము. వేల బస్తాలు ఒకే రంగులో ఉన్న చోట దగ్గర, దూరం, రెండు, మూడు అన్న మాటలతో పని జరగదు. లాట్ నంబరు, రైతు పేరు, బస్తాల సంఖ్య చెబుతాం; కాంటా అయ్యాక తక్‌పట్టీ అనే అమ్మకం చీటీలో అవే ఉంటాయి. మీ దగ్గర బాండు నంబరు ఉంది. "ఫలానా బాండు, అరవై బస్తాలు" అని ఉంటే, మేస్త్రీ ఏ అంతస్తులోకి వెళ్ళినా మార్కా కలవక మీకు ఫోన్ చేసేవాడు. మాట మంచిదే, కానీ గుర్తు ముందు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ – కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్, వరంగల్

అందరికీ ధన్యవాదాలు. జవాబు రాయడానికి మూడు వారాలు ఆగాను, ఎందుకంటే చేసి చూసి రాద్దామనుకున్నాను.

గుమాస్తా గారు చెప్పినది మొదటి రోజే మొదలుపెట్టాను; బాండు నంబరు లేకుండా ఏ సరుకునూ తీయమనడం లేదు. సాయంత్రం మర్నాటి పనిని వాట్సాప్‌లో పంపుదామనుకుంటే, మేస్త్రీ గారికి చదవడం అంతగా రాదని అప్పుడు తెలిసింది. ఏడాదిన్నరగా పక్కపక్కన పనిచేస్తూ ఆ సంగతి నాకు తెలియకపోవడం సిగ్గుగా అనిపించింది. అంకెలు మాత్రం ఆయన బాగా చదువుతారు. కనుక ఆఫీసు గోడకు ఒక నల్లబల్ల పెట్టి, మూడు గళ్ళు గీసి, ఛాంబర్, బాండు, బస్తాలు అని అంకెలే రాస్తున్నాను.

సిస్టర్ చెప్పిన విధంగా ఆయనను అడిగిన మొదటి రోజు, "అవును సార్, మీరు అప్పుడప్పుడు తొందర పడతరు" అని నవ్వారు. తర్వాత కాసేపటికి ఆయనే ఒక మాట అన్నారు. "ఛాంబర్లకూ అంతస్తులకూ రెంటికీ నంబర్లే ఎందుకు సార్? మేము హమాలీలతో ఎన్నడూ ఒకటి, రెండు, మూడు అంతస్తు అనం. కింది, నడిమి, పై అంటం. మీరొచ్చినంక మీ పుస్తకంలో నంబర్లు పెట్టిండ్రు." నిజమే, ఆ నంబర్లు నేను పెట్టినవే. కంప్యూటర్‌లో ఎక్కించడానికి సులువుగా ఉంటుందని పెట్టాను, ఎవరినీ అడగలేదు. ఇప్పుడు పుస్తకంలో కూడా కింది, నడిమి, పై అనే రాస్తున్నాను. ఛాంబర్‌కు మాత్రమే అంకె.

పోయిన మంగళవారం ఫోన్‌లో ఒక లాట్ గురించి చెప్పాను. ఆయన తిరిగి చెప్పి, "ఇప్పుడు మీరొకసారి చెప్పుండ్రి సార్" అన్నారు. చెబుతూ చూసుకుంటే బాండు నంబరులో రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి. తప్పు నాదే.

కోర్సులో చేరలేదు. మిగిలిన చిక్కు యజమానిది. ఏది అడిగినా ఇప్పటికీ "చూసుకో" అనే అంటారు. ఆయనను తిరిగి చెప్పమని అడిగే ధైర్యం నాకు లేదు.

జవాబు 6 – రిటైరైన సూపరింటెండెంట్, హనుమకొండ

చదవడం రాని మనిషికి చీటీ రాయమన్న నా సలహా ఎంత దూరం వెళ్తుందో నేను ఆలోచించలేదు. నల్లబల్ల మంచి పని.

యజమాని ముందు మీరు ప్రశ్న పెట్టకండి, మీ నిర్ణయం పెట్టండి. "ఎన్ని బస్తాలు తీయించమంటారు?" అని అడిగితే "చూసుకో" అనే వస్తుంది. దానికి బదులు సాయంత్రం ఇలా రాసి పంపండి: "రేపు ఫలానా బాండు నుంచి నలభై బస్తాలు తీయిస్తున్నాను, వాన పడితే తీయించను. మీరు వేరేగా అనుకుంటే ఈ రాత్రి ఎనిమిదిలోగా చెప్పగలరు." చాలా రోజులు జవాబు రాదు. రాని రోజున మీరు రాసిన ప్రకారమే చేయండి, ఆ మెసేజ్‌ను చెరిపేయకండి. ఏదో ఒక రోజు "నలభై వద్దు, ఇరవై చాలు" అని వస్తుంది. వ్యాపారితో ధర విషయంలో ఆయనకున్న ఆలోచన ఏమిటో అప్పుడు మీకు మొదటిసారి తెలుస్తుంది.